తారీఖు తప్పని వ్రతము

బెంగుళూరునుండి ఉత్తరముగా నందికొండలవైపు పోవు మార్గమున, నేడు విమానముల రొద రేయింబవళ్ళు వినవచ్చెడి దేవనహళ్ళి, నేను కోడలినై అడుగుపెట్టిన 1962 నాటికి, కోటగోడల నడుమను, వాటి వెలుపలి తోటల నడుమను ఒదిగియుండిన చిన్న ఊరు. ఆవతి ప్రభువుల వంశమునకు చెందిన మల్లబైరేగౌడుడు 1501లో మట్టితో కట్టించెనని చెప్పబడు ఆ కోటను 1749లో మైసూరు సేనలు ముట్టడించి గైకొనెను. ఆ ముట్టడిలోనే హైదరలీ పేరు మొదటిసారి పదిమంది నోట పడెను. పిమ్మట కొలదికాలమునకే అతనికి ఇచ్చటనే టిప్పు జనించెను. పిదప రాతితో పటిష్ఠమైన ఆ కోట 1791లో కార్న్‌వాలిస్ సేనలకు లోబడెను. దేవనహళ్ళిని గూర్చి పుస్తకములు చెప్పు కథ సామాన్యముగా ఇంతటితో ముగియును. నేను చెప్పబోవునది అదే కోటలో, వేణుగోపాలస్వామి ఆలయమునకు కూతవేటు దూరమున, ఒక వంటయింట ఏబది యేండ్లకు పైగా ఎవరికిని తెలియక దాగియుండిన చరిత్ర. అది మా అత్తగారిది.

ఈ ప్రాంతమును పూర్వులు మొరసునాడనిరి. కోలారు, చిక్కబళ్ళాపురము, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురము ప్రాంతములలో ఇంట తెలుగును వీధిలో కన్నడమును మాట్లాడు కుటుంబములు ఈనాటికిని అసంఖ్యాకములు. కైవారము తాతయ్య తత్త్వములను తెలుగున పాడుకొని, పాలు పెరుగు పద్దులను కన్నడ లిపిలో వ్రాసికొను జనులు వారు. విశ్వేశ్వరయ్యగారు జన్మించిన ముద్దేనహళ్ళి ఇచ్చటికి సమీపముననే కలదు. ఆ మహనీయుని కుటుంబమువలెనే మా అత్తవారిదియు తెలుగు సీమనుండి ఏనాడో తరలివచ్చిన ములుకనాటి బ్రాహ్మణ కుటుంబము; కొన్ని గ్రామములకు తరతరములుగా శానుభోగులు, అనగా మన వైపు కరణములు.

శానుభోగుల యిల్లు ఎట్లుండెడిదో నేటి పిల్లలకు ఊహింప శక్యము కాదు. అటకమీద వరుసగా పేర్చిన కడితములుండెడివి: గుడ్డకు చింతగింజల గంజియు బొగ్గుపొడియు కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలు మడతలుగా ముడిచి, దానిపై బలపముతో వ్రాసిన నల్లని లెక్కపుస్తకములు. ఏ పొలము ఎవరిది, ఏ చెరువు క్రింద ఎంత తడి, ఎవరెంత శిస్తు బాకీ అను సమస్తమును ఆ నల్లని మడతలలోనే యిమిడియుండెను. నడవలో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు చిత్రపటము; దానికి ప్రతి శుక్రవారము పూలదండ. దివాను మిర్జా ఇస్మాయిల్‌గారి పేరు పలుకవలసివచ్చినపుడు మా మామగారి తండ్రిగారు కండువా సవరించుకొనెడివారని ఇంటిలో చెప్పుకొనెడివారు. సర్కారు ఉప్పు తిన్న యిల్లు అది. ఆ యింట సర్కారుకు వ్యతిరేకముగా ఒక మాట దొర్లుట, వంటయింట ఎంగిలి కలియుట, రెండును సమానమైన దోషములు.

ఇంటి వెనుక పెరటిలో చక్కోత చెట్లు రెండుండెను. మన వారు పంపరపనస యనెడి ఆ పండు దేవనహళ్ళిలో పండినట్లు మరెచ్చటను పండదని ఇక్కడివారి విశ్వాసము. ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మార్గశిర పుష్యములలో అనపకాయల కాలము వచ్చెనా, ఇంటిల్లిపాదియు కూర్చుండి నానిన గింజలను పితికి పప్పు తీయుదురు. ఆ పప్పు పులుసు వాసన కోటవీధి పొడవునను వ్యాపించెడిది. గుత్తదారులు తెచ్చి పోసిన రాగులు పాతరలో ఏండ్లకొలది చెడక నిలుచును. తెల్లవారుజామున విసురురాయి తిరుగుచుండగా అత్తగారు తాతయ్యగారి తత్త్వములను మెల్లగా పాడుచుండిరి. నేను వచ్చునాటికి ఆమె వయస్సు ముప్పదియారేండ్లు. అప్పటికే ఆ యింటి బరువంతయు ఆమె భుజములమీద నుండెను. ఆమెకు పైన ఆమె అత్తగారు జీవించియుండిరి; మేము పెద్దవ్వ అని పిలిచెడివారము; మడి ఆచారములలో ఆమె మాటయే శాసనము.

మా అత్తగారు మితభాషిణి. తన పుట్టిల్లు గౌరిబిదనూరు దాపున ఒక పల్లె యని తప్ప బాల్యమును గూర్చి ఒక్క ముచ్చటయైనను చెప్పెడివారు కారు. ఎవరైన కదిలించినచో, "చిన్నప్పటివి ఇప్పుడెందుకమ్మా, పొయ్యి చూడు" అని మాట మరల్చెడివారు. పెద్దవ్వ మాటకు ఎన్నడును ఎదురాడి యెరుగరు. ఒక్క విషయమున మాత్రము ఎవరి మాటయు వినెడివారు కారు: అది నీళ్ళ విషయము.

మా యిల్లు కోట ద్వారమునుండి లోనికి వచ్చు త్రోవలో నుండుటచే, సంతకు పోవువారు, విజయపురమునకు పట్టుగూళ్ళ బుట్టలు మోయువారు, గుడికి వచ్చిన యాత్రికులు మా అరుగుమీద అలసట తీర్చుకొనెడివారు. వేసవి వచ్చినంతనే అరుగు ప్రక్కన తాటియాకుల చలిపందిరి వేసి, కుండలలో నీళ్ళును, నిమ్మకాయయు ఇంగువయు కలిపిన మజ్జిగయు ఉంచుట ఆ యింటి వాడుక. అది ఆ కాలమున పెక్కు ఇండ్లలో నుండెడి ధర్మమే. కాని తక్కిన ఇండ్లలో నీరు పోయువారు, త్రాగువాని కులమును బట్టి, దూరమునుండి దోసిలిలో పోసెడివారు. మా అత్తగారు అడిగినవాడెవడని చూడరు; చెంబే చేతికందింతురు. పెద్దవ్వ గొణుగుచు ఆ చెంబును చింతపండు బూడిదలతో మూడుమార్లు తోమించెడిది. అత్తగారు మారుమాటాడక తోమెడివారు. మరునాడు మరల చేతికే ఇచ్చెడివారు. అన్నము వార్చుచున్నను, పూజలో నున్నను, వీధిలో "అమ్మా, నీళ్ళు" అన్న కేక వినబడినచో చేతిపని చేతనే విడిచి పరుగెత్తెడివారు. ఒకమారు నేను, "పొయ్యిమీద పాలు పొంగుతున్నాయత్తయ్యా, ఒక్క నిమిషం ఆగితే ఏం?" అనగా, ఆమె నావంక చూచిన చూపు నేను నేటికిని మరువలేదు. "పాలు పొంగితే పొంగనీ. నీళ్ళడిగినవాణ్ణి నిలబెట్టకూడదమ్మా" అనిరి.

ఆమెకు మరియొక నియమముండెను. ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు, ఎండలు ముదిరిన వేళ, ఒక దినమున ఆమె పచ్చిమంచినీరైనను ముట్టక ఉపవసించెడివారు. సాయంకాలము పూజాగృహమున అలమార వెనుకనుండి ఒక పాత ఇత్తడి చెంబును తీసి, స్వయముగా తోమి, నీరు నింపుకొని, చెరువుగట్టున నున్న అశ్వత్థవృక్షము మొదట పోసి వచ్చి, అటు పిమ్మట భుజించెడివారు. అశ్వత్థమునకు నీరు పోయుట ఏ ముత్తైదువకైనను పరిపాటియే గనుక, ఇంటివారు దానిని భర్తృక్షేమమునకై పట్టిన నోముగా తలంచిరి. నేనును అట్లే తలంచితిని. అయితే కొన్నియేండ్లు గడచిన తరువాత ఒక వింత నాకు గోచరించెను. ఆ నోము ఒక యేట దశమినాడు వచ్చును; మరొక యేట పూర్ణిమకు వచ్చును; ఒక్కొకమారు చైత్రము దాటి వైశాఖమున పడును. తిథితో దానికి నిమిత్తము లేదు. గోడకు వ్రేలాడు కాలెండరులో ఏప్రిలు ఇరువదియైదు వచ్చుటయే దాని గుర్తు. పంచాంగము చూడక చెంబెడు నీళ్ళయినను తోడని యింటిలో, ఇంగ్లీషు తారీఖును బట్టి నడచిన వ్రతము అదియొక్కటియే. అడిగినందులకు, "ఈ మొక్కు పంచాంగానిది కాదు" అని మాత్రము సెలవిచ్చిరి.

ఆ చెంబుకూడ మా యింటిది కాదు. ఆ దినములలో పెండ్లికి పెట్టిన గిన్నె మొదలు గంగాళము వరకు ప్రతి పాత్రమీదను కంసాలిచేత పేరు చెక్కించెడివారు. విందులకు పాత్రలు ఇల్లిల్లు తిరుగుట పరిపాటి కనుక అది అవసరమును. మా పాత్రలన్నిటిమీదను మామగారి తాతగారి పేరో, అత్తగారి పుట్టింటివారి పేరో ఉండెను. ఈ చెంబుమీద మాత్రము మాలో ఎవరికిని చెందని రెండు పొడి అక్షరములు కన్నడమున చెక్కబడియుండెను. దానిని ఎవరును ముట్టగూడదు. పండుగనాడైనను అది బయటకు రాదు.

1998లో అత్తగారు కాలధర్మము నొందిరి. పండ్రెండవనాటి కర్మ ముగిసి బంధువులు తరలుచుండగా, ఆమె తమ్ముడు, అనగా నా భర్తకు మేనమామ, ఆ చెంబును నా చేతిలో చూచి చతికిలబడి కూర్చుండెను. "ఇది ఇంకా ఉందా అమ్మాయ్!" అనెను. పిదప చాలసేపటికి, అరువదియేండ్లుగా అక్కకిచ్చిన మాట ఇక చెల్లినదనుకొని కాబోలు, ఆయన చెప్పినది ఇది.

1938లో అక్కకు పండ్రెండేండ్లు, ఆయనకు ఏడు. వారి పెద్దక్కకు సంతానము లేనందున తల్లి విదురాశ్వత్థములో నాగప్రతిష్ఠ మొక్కుకొని, ఆ పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళెను. ఉత్తర పినాకినీ తీరమున, గౌరిబిదనూరునకు హిందూపురమునకు నడుమ నున్న ఆ క్షేత్రమున విదురుడు నాటెనని చెప్పెడి మహాశ్వత్థమును, దాని చుట్టు సంతానార్థులు ప్రతిష్ఠించిన వేలకొలది నాగశిలలును ఆ ప్రాంతపు వారందరికిని తెలిసినవే. అప్పుడు మైసూరు సంస్థానమున కాంగ్రెసు జెండా ఎత్తుట నిషిద్ధము. ఆ యేప్రిలు రెండవ వారమున, దొడ్డబళ్ళాపురమువారగు టి. సిద్ధలింగయ్యగారి అధ్యక్షతను శివపురమున సమావేశమైన మైసూరు కాంగ్రెసు ఆ నిషేధమును ధిక్కరించి జెండా నెత్తెను. ఆ గాలి ఊరూరికిని వ్యాపించెను. ఏప్రిలు ఇరువదియైదున విదురాశ్వత్థమున చుట్టుప్రక్కల పల్లెలనుండి వేలకొలది జనులు గుమిగూడిరి. పోలీసులు ఆ జనముపై తుపాకులు పేల్చిరి.

"మా అమ్మ నన్ను నాగరాళ్ళ వెనక్కి తోసి మీద పడుకుంది" అని ఆయన చెప్పెను. "అక్క చెయ్యి జారిపోయింది. తరువాత తెలిసింది, ఎక్కడికి పోయిందో. రాళ్ళ మధ్యలో ఒకతను పడివున్నాడంట, తొడ నిండా నెత్తురు. ఈ చెంబు చాపి, 'పాపా, నీళ్ళు' అన్నాడంట. అక్క ఏటికి పరుగెత్తింది. ఎండాకాలం, ఏట్లో ఇసుకే కదా. చెలమలో ఉన్న నీళ్ళు జనం తొక్కిడికి బురదైపోయాయి. ఊరేదాకా కూర్చుని, చేత్తో తోడి, తెచ్చి తాగించింది. అతను ఇంకా కావాలన్నాడు. మళ్ళీ పోయి చెలమ దగ్గర కూర్చుంది. చెంబు సగం నిండిందో లేదో, అమ్మ వెతుక్కుంటూ వచ్చి రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. అతనికి తెచ్చిస్తానని చెప్పొచ్చానే అని అక్క ఒకటే ఏడుపు. ఆ రాత్రికి రాత్రి గట్లవెంబడి నడిచి హిందూపురం చేరాము. అది ఇంగ్లీషువాళ్ళ సీమ, మైసూరు పోలీసులు రారని ధైర్యం. మూడు నెలలు అక్కడే. అతను బతికాడో లేదో, ఎవరో, ఏ ఊరో, ఈ రెండు అక్షరాలు తప్ప ఏమీ తెలీదు."

ఆ దినమున మరణించినవారు పదిమంది యని సర్కారు లెక్క. ముప్పదికి పైబడిరని జనవాక్యము. దక్షిణదేశపు జలియన్‌వాలాబాగని దానికి పేరు వచ్చెను. గాంధీజీ సర్దార్ పటేలును ఆచార్య కృపలానీని పంపగా, వారు దివాను మిర్జా ఇస్మాయిల్‌గారితో మంతనములు జరిపి, ఇకమీదట కాంగ్రెసు జెండాను సంస్థానపు జెండా సరసన ఎగురవేయవచ్చునని ఒడంబడిక కుదిర్చిరి. కాల్పులపై విచారణకు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తియు తెలుగువారును అగు సర్ వేపా రామేశంగారి ఆధ్వర్యమున సంఘమేర్పడెను. ఇవన్నియు గ్రంథస్థములు. చెలమకడ కూర్చుండిన పండ్రెండేండ్ల బాలిక మాత్రము ఏ గ్రంథమునను లేదు.

రెండేండ్లకు ఆమెకు పెండ్లి కుదిరినది శానుభోగుల యింట. పంపునపుడు తల్లి ఒట్టు వేయించుకొన్నదట: విదురాశ్వత్థము ఊసు అత్తవారింట ఎత్తరాదని. తల్లి భయము నిరాధారము కాదు. గ్రామమున ఎవరు సభకు పోయిరి, ఎవరింట రాట్నము తిరుగుచున్నదని సర్కారు విచారించినపుడు జవాబు చెప్పవలసినవారు పటేలు శానుభోగులే. నడవలో మహారాజు పటమునకు దండ వేయు యింట, ఆ మహారాజు పోలీసుల తూటాకు గురియైన వానికి నీరు పోసితినని ఏ కోడలు చెప్పగలదు? స్వాతంత్ర్యము వచ్చి, సంస్థానము భారతదేశమున కలిసి, పోరాడినవారికి పింఛనులును తామ్రపత్రములును దొరకిన కాలమునను ఆమె నోరు విప్పలేదు. అప్పటికి భయమునకు కారణము లేదు. పోరాడితినని చెప్పుకొనుటకు ఆమెకు మనసొప్పియుండదని నా నమ్మిక. ఆమె లెక్కలో ఆనాడు తాను చేసినది పని సగమే, రెండవ చెంబు బాకీ పడినది. ఆ బాకీని ఆమె దేవనహళ్ళి కోటద్వారమున, దారినపోవు ప్రతి దప్పికగొన్నవానికిని, జీవితాంతము తీర్చుచునే యుండెను.

ఇది తెలిసిన పిమ్మట, అంతవరకు నేను విడివిడిగా నెరిగిన సంగతులన్నియు ఒక్కత్రాటికి వచ్చినవి. నాది హిందూపురము. సంబంధములు చూచు రోజులలో మావారికి బెంగుళూరునుండి, మైసూరునుండి కలిగినవారి సంబంధములు వచ్చినను, అత్తగారు పట్టుబట్టి, కట్నము మాట యెత్తక, హిందూపురపు పిల్లనే తెచ్చుకొందమనిరట. తనకు మూడు నెలలు నీడనిచ్చిన ఊరికి ఆమె చెల్లించిన కృతజ్ఞతను నేనని ఆనాడు గ్రహించితిని. నందికొండమీద గాంధీజీ 1927లోను, మరల 1936లోను విశ్రమించెనని పెద్దలు ముచ్చటించుకొనునపుడెల్ల ఆమె గిన్నెలు సర్దుటకై లోనికి పోవుటయు, పెద్దవ్వ మడిని అన్నిట పాటించుచునే నీళ్ళకడ మాత్రము లక్ష్యపెట్టకుండుటయు, నాకపుడే అర్థమైనవి. పుస్తకములలో అస్పృశ్యతానివారణమని పేరు గల కార్యమును ఆమె ఏ పుస్తకమును చదువకయే చేసినది. నాగశిలల నడుమ పడియున్న మనుష్యుని కులమేమో ఆమె అడుగలేదు. అడుగుటకు వ్యవధి లేదు. ఆ పిమ్మట ఎన్నడును అడుగనే లేదు.

ఆమె పెరిగిన లోకము ఇప్పుడు లేదు. 1963 ఫిబ్రవరిలో వంశపారంపర్య గ్రామోద్యోగముల రద్దు అమలులోకి వచ్చి శానుభోగిరి పోయెను. కడితములు చెదలకు ఆహారమయ్యెను. 1974 నాటి భూసంస్కరణ చట్టముతో గుత్త భూములు దున్నినవారికే చెందెను. అది న్యాయమే యని అత్తగారు నాడే పలికిరి. 2008 మే నెలలో విమానాశ్రయము తెరవబడిన తరువాత, రాగిచేలును ద్రాక్షతోటలును గజముల లెక్కన అమ్ముడుపోయినవి. చలిపందిరి వేయుటకు అరుగులు లేవు. దాహమైనవాడు సీసా కొనుక్కొని త్రాగును. విదురాశ్వత్థములోని ఆ మహావృక్షము 2001లో నేలకొరిగెను. ఉద్యోగములు, భూములు, ఆచారములు పోయినందులకు నాకు గొప్ప విచారము లేదు. వాటిలో పోవలసినవి చాల కలవు. కాని అడిగినవానికి ఆలస్యము చేయక నీరిచ్చెడి గుణము వాటితో కూడ పోవలసినది కాదు. అది శానుభోగిరినుండి వచ్చినది కాదు, భూమినుండి వచ్చినది కాదు. ఏట్లో ఇసుక తోడిన ఒక బాలిక చేతినుండి వచ్చినది.

విదురాశ్వత్థమున నేడు స్మారకస్తూపమును, వీరసౌధమును కలవు. అమరుల పేర్లు చదివి నమస్కరించితిని. అట్టి శిలాఫలకములు అవసరము. అయితే తుపాకి పేలిన చోట నేలకొరిగినవారితోబాటు, వారి చెంత నిలిచినవారును, వారికి నీరు తెచ్చినవారును, వారిని తలచుకొని ఏటేట ఉపవసించినవారును ఉందురు. వారిలో అధికులు స్త్రీలు. వారి చరిత్ర వంటయిండ్లలోనే పుట్టి వంటయిండ్లలోనే అంతరించుచున్నది. స్వాతంత్ర్యోద్యమ చరిత్రను వ్రాయువారు జైలు దస్త్రములను చూచినంత శ్రద్ధగా ఇండ్లలోని నోములను, మొక్కులను, పేరు తెలియని చెంబులను గూడ చూడవలెను.

చదువరులారా, మీ యింట వృద్ధురాలెవరైన కారణము చెప్పని ఒక నియమమును పాటించుచున్నచో, దానిని చాదస్తమని త్రోసివేయకుడు. ఆమె ప్రక్కన కూర్చుండి, తొందరపెట్టక, అడుగుడు; చెప్పినది చెప్పినట్లు, తారీఖుతో సహా, వ్రాసి ఉంచుడు. ఆమె చెప్పకపోయినను, ఆ నియమమును మాత్రము మానకుడు. మా యింట ఏప్రిలు ఇరువదియైదున అశ్వత్థమునకు నీరు పోయుట నేటికిని జరుగుచున్నది; ఇప్పుడు పోయుచున్నది నా కోడలు.